ఎషర్ మెట్లు

లిఫ్టులో నిలబడ్డ మనిషికి తాను పైకి పోతున్నాడో కిందికి వస్తున్నాడో అంకెలు చూస్తేగాని తెలియదు. మెట్లు అలా మోసం చెయ్యవు, కాళ్ళకి తెలిసిపోతుంది అనుకునేవాణ్ణి, మా అబ్బాయి హాస్టల్ గదిలో ఒక బొమ్మ చూసేవరకు.

ఒక మేడ. దాని పైన నాలుగువైపులా మెట్లు. వాటిమీద సన్యాసుల్లాంటి మనుషులు రెండు వరుసల్లో నడుస్తున్నారు. ఒక వరుస ఎప్పుడూ ఎక్కుతూనే ఉంది, రెండోది దిగుతూనే ఉంది. వేలు పెట్టి ఒక్కొక్క మెట్టే ఎక్కాను. నాలుగు మూలలూ తిరిగేసరికి బయలుదేరిన చోటే ఉన్నాను! ముప్ఫై ఏళ్ళుగా బిల్డింగు ప్లాన్లు చూస్తున్న ఇంజనీరుని, నాకే తల తిరిగింది.

ఆ రోజే మావాడు ఇంజనీరింగు మానేసి బొమ్మలు నేర్చుకుంటానన్నాడు. నా కోపమంతా ఆ బొమ్మ వేసినాయన మీదకి మళ్ళింది. ఎవరీయన అని లైబ్రరీ నుంచి పుస్తకాలు తెచ్చుకుని చదివాను.

ఆయన పేరు మౌరిట్స్ కొర్నేలిస్ ఎషర్. 1898లో హాలండులోని లీవార్డెన్‌లో పుట్టాడు. తండ్రి సివిల్ ఇంజనీరు. ఈ మాట దగ్గరే నేను కాసేపు ఆగిపోయాను. పిల్లవాడు చదువులో వెనకబడ్డాడు, లెక్కల్లో మరీను. హైస్కూలు ఆఖరి పరీక్ష తప్పాడు. ఆర్కిటెక్టు అయితే చాలని తండ్రి ఆశ. 1919లో హార్లెమ్‌లోని కాలేజీలో చేర్చారు. అక్కడ డి మెస్కీటా అనే గురువు ఇతని బొమ్మలు చూసి, నీ దారి ఇదీ అని చూపించాడు. తండ్రి అడ్డుపడలేదు. ఆ తర్వాత చాలా ఏళ్ళు ఇంటి నుంచి డబ్బు సాయం అందుతూనే ఉంది.

1924లో యెట్టా అనే అమ్మాయిని పెళ్ళాడి రోములో కాపురం పెట్టాడు. బళ్ళో తన కొడుక్కి ఫాసిస్టు యూనిఫారం తొడిగించేసరికి, 1935లో, ప్రాణప్రదమైన ఇటలీని వదిలేశాడు. 1944లో నాజీలు యూదుడైన గురువుని పట్టుకుపోయి ఆష్విట్జ్‌లో చంపారు. ఎషర్ ఆ ఇంటికి వెళ్ళి, మిగిలిన గురువుగారి బొమ్మల్ని ఏరి తెచ్చి దాచాడు. ఇంతకన్న గురుదక్షిణ ఏముంటుంది?

పేరు వచ్చేసరికి ఏభై దాటాయి. 1953లో వేసిన ‘రిలేటివిటీ’లో ఒకే మెట్లమీద ఇద్దరు ఒకే దిక్కుకి నడుస్తుంటారు, ఒకడు ఎక్కుతూ, ఒకడు దిగుతూ! ఒకడికి నేల అయినది ఇంకొకడికి గోడ. 1954లో ఆమ్‌స్టర్‌డామ్‌లో గణితవేత్తల మహాసభ జరిగినప్పుడు ఆయన బొమ్మల ప్రదర్శన పెట్టారు. అది చూసిన రోజర్ పెన్‌రోజ్, తండ్రి లయనెల్‌తో కలిసి, అంతులేని మెట్ల చిత్రాన్ని 1958లో ప్రచురించాడు. దాని ఆధారంగా ఎషర్ 1960లో వేసిందే నేను చూసిన బొమ్మ. కిటుకు ఏమిటంటే, ఏ మూల విడిగా చూసినా తప్పు కనబడదు. అన్నీ కలిపితేనే అసాధ్యం. కాగితం మీద కలిసిన కొసలు నిజం మేడలో కలవవు. ఆ యువకుడు పెన్‌రోజే 2020లో భౌతికశాస్త్రంలో నోబెల్ అందుకున్నాడు. లెక్కలు రాని కుర్రవాడి బొమ్మలకి లెక్కల మేధావులే అభిమానులయ్యారన్నమాట! ఎషర్ 1972లో కన్నుమూశాడు.

పుస్తకం మూసి మళ్ళీ ఆ బొమ్మ చూశాను. ఈసారి వరుసలో నడవని ఇద్దరు కనబడ్డారు. ఒకడు పక్కన నిలబడి చూస్తున్నాడు, ఇంకొకడు కింద మెట్టుమీద కూర్చున్నాడు. ర్యాంకులనీ, ఉద్యోగాలనీ, పెద్ద ఇళ్ళనీ మనం ఎక్కుతున్న మెట్లు గుర్తొచ్చాయి. మావాడు ఆ ఇద్దరిలో ఒకడేమో!

మర్నాడు వాడికి ఫోన్ చేసి, నీ ఇష్టప్రకారమే కానియ్యి నాన్నా అన్నాను. భయం ఇంకా పోలేదు. కాని ఎషర్ తండ్రికి మాత్రం భయం లేకుండా ఉంటుందా? ఇక్కడ పిల్లల్ని పెంచుతున్న తల్లిదండ్రులారా, ఒక్కసారి ఆ బొమ్మ చూడండి.