తరిగొండ వెంగమాంబ: భక్తియు, విద్యయు

తెలుగున భక్తకవయిత్రులను పేర్కొనునప్పుడు మొల్ల పిమ్మట తప్పక స్మరింపబడు పేరు తరిగొండ వెంగమాంబది. తిరుమల యాత్రికులకు ఆమె ముత్యాలహారతి వలనను, అన్నదానము వలనను పరిచితురాలు. పండితులకు శ్రీవేంకటాచల మాహాత్మ్య కర్త్రిగా పరిచితురాలు. జనశ్రుతిలో నున్న ఆమె కథలు మహిమలను వర్ణించినంతగా ఆమె విద్యను వర్ణింపవు. ఇందుకు ఆమె మాటలే కొంత కారణము. తాను గురువునొద్ద కూర్చుండి అక్షరములు దిద్దినదానను కాననియు, భగవంతుడే తనచే పలికించెననియు ఆమె అవతారికలలో చెప్పుకొనినది. ఆమె కృతులను చదివినవారికి ఈ మాట ఆశ్చర్యము గొలుపును. దానిని యథాతథముగా గ్రహింపవలెనా, వినయోక్తిగా గ్రహింపవలెనా అను ప్రశ్నకు సమాధానము ఆమె జీవితముననే కలదు.

జన్మము, బాల్యము

వెంగమాంబ సుమారు 1730 ప్రాంతమున, మదనపల్లెకు చేరువనున్న గుర్రంకొండ సీమలోని తరిగొండ గ్రామమున జన్మించినది. తల్లిదండ్రులు కానాల కృష్ణయ్య, మంగమాంబ, నందవరీక బ్రాహ్మణులు. తిరుమలేశుని వేడుకొనగా పుట్టిన బిడ్డ యగుటచే ఆ స్వామి పేరే పెట్టిరని చెప్పుదురు. గ్రామదైవము లక్ష్మీనృసింహుడు. ఈ ఇరువురు దేవతలును ఆమెకు జీవితాంతము ఒక్కరే. వేంకటేశ్వరుని గూర్చి వ్రాసిన కృతులను సైతము తరిగొండ నృసింహునితో అభేదము భావించియే ఆమె అంకితము చేసినది.

ఆమె జీవించిన కాలము శాంతమైనది కాదు. గుర్రంకొండ దుర్గము కడప నవాబుల చేతినుండి మైసూరు పాలకుల చేతికి, అటనుండి నిజాముకు, చివరకు 1800లో దత్తమండలములతోపాటు ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. రాజాస్థానముల ఆదరము సన్నగిల్లిన ఆ రోజులలో కవిత్వమునకు ఆశ్రయము దేవాలయములును, మఠములును, గ్రామములలోని పురాణపఠన సభలును. ఆడపిల్లకు విధివిహితమైన పాఠశాల విద్య లేకున్నను, ఆలయ ప్రాంగణమున వినికిడిచేత కలుగు విద్యకు కొదువ లేదు. వెంగమాంబ మొదటి చదువు ఇట్టి వినికిడియే యనవచ్చును. అనంతరము మదనపల్లె వాస్తవ్యుడైన సుబ్రహ్మణ్య దేశికుని ఆశ్రయించి యోగమును, వేదాంతమును అభ్యసించినది. ఈ గురువును ఆమె తన రచనలలో భక్తితో స్మరించినది.

వైధవ్యము, నిరాకరణము

నాటి ఆచారము ననుసరించి బాల్యముననే ఆమెకు వివాహమైనది. భర్త పేరు వేంకటాచలపతి. అతడు అనతికాలముననే మరణించెను. పసుపు కుంకుమలను తీసివేయుటకును, కేశఖండనమునకును వెంగమాంబ అంగీకరింపలేదు. తనకు భర్త శ్రీవేంకటేశ్వరుడే యనియు, ఆయన నిత్యుడగుటచే తనకు వైధవ్యము లేదనియు ఆమె వాదము. బంధువులును గ్రామస్థులును ఆమెను నిందించిరి. ఒక పీఠాధిపతి ఆమెను పిలిపించి ప్రశ్నింపగా, ఆమె ఆయన వదలిన పీఠమునకు నమస్కరించెననియు, ఆ పీఠము దగ్ధమయ్యెననియు పరంపరాగత కథ. ఈ కథలోని అద్భుతము నటుంచినను, ఒక బాలవితంతువును ధర్మనిర్ణయము చేయు పెద్దలయెదుట నిలువబెట్టిరను జ్ఞాపకము అందు నిలిచియున్నది.

తరిగొండ ఆలయమున ఆంజనేయ విగ్రహము వెనుక ఆమె ధ్యానము చేయుచుండెడిదట. అర్చకుడొకడు ఆమెను జుట్టు పట్టి వెలుపలికి ఈడ్చెననియు, ఆ అవమానముతో ఆమె గ్రామము విడిచి తిరుమల చేరెననియు చెప్పుదురు.

తిరుమల వాసము

తిరుమలలో ఆమెకు నిలువ నీడ కల్పించినవారిలో హాథీరాంజీ మఠమువారిని, తాళ్లపాక వంశీయులను పరంపర పేర్కొనుచున్నది. అచటను కొందరు పొరుగువారి వలన బాధలు తప్పలేదు. ఏకాంతము కోరి ఆమె తుంబురుకోనకు పోయి కొన్ని సంవత్సరములు తపస్సు చేసి, తిరిగి కొండపైకి వచ్చినది. శేషజీవితమంతయు రచనయందును, స్వామిసేవయందును, యాత్రికులకు అన్నోదకములు సమకూర్చుటయందును గడిచినది. కొండ నెక్కి అలసివచ్చినవారికి ఆకలి తీర్చుట ఆమె దృష్టిలో పూజకు వేరు కాదు.

రాత్రి ఏకాంతసేవలో ఆమె సమర్పించిన హారతికి ఆలయమున స్థిరమైన స్థానము లభించినది. పళ్లెములో ముత్యములతో దశావతారములలో ఒకదాని రూపమును కూర్చి హారతి యిచ్చుట దీని పద్ధతి. తాళ్లపాకవారి జోలపాటతోపాటు తరిగొండవారి హారతియు నేటికిని ఆ సేవలో భాగము. ఒకనాడు గ్రామాలయమునుండి వెడలగొట్టబడిన స్త్రీ పేర, తిరుమలేశుని పవళింపుసేవ నిత్యము ముగియుచున్నది.

1817లో, ఈశ్వర నామ సంవత్సర శ్రావణ శుద్ధ నవమినాడు ఆమె దేహము చాలించినది. తిరుమలలో ఆమె బృందావనము కలదు.

రచనలు

వెంగమాంబ కృతులను స్థూలముగా నాలుగు తెగలుగా విభజింపవచ్చును. తరిగొండ నృసింహ శతకము తొలినాటిది. ద్విపదలో రాజయోగామృతసారము, వాసిష్ఠ రామాయణము, భాగవతము కలవు. శివనాటకము, బాలకృష్ణ నాటకము, చెంచు నాటకము, రుక్మిణీ నాటకము, ముక్తికాంతా విలాసము మున్నగునవి యక్షగానములు. శ్రీవేంకటాచల మాహాత్మ్యము పద్యప్రబంధము. ఇవిగాక తత్త్వకీర్తనలును కలవు.

ఈ ఎంపికలో ఒక ఉద్దేశము కనబడుచున్నది. పోతన పద్యభాగవతము ఇంటింట వెలసియుండగా ఆమె మరల భాగవతమును ద్విపదలో చెప్పినది. ద్విపద పాడుకొనుటకు తగినది. పాల్కురికి సోమనాథుని నాటినుండియు సామాన్యజనుల చెంతకు భక్తిని చేర్చిన ఛందస్సు. యక్షగానము చూచుటకును వినుటకును తగినది. అక్షరజ్ఞానము లేనివారికిని అందునది. తాను వినికిడిచే పొందిన విద్యను వినికిడిచే పొందగలవారికే ఆమె తిరిగి యిచ్చినది.

ఉపదేశము

ఆమె భక్తి జ్ఞానయోగములను త్రోసిపుచ్చిన భక్తి కాదు. రాజయోగామృతసారమునకు మూలము భాగవత తృతీయస్కంధమున కపిలుడు తల్లి దేవహూతికి చేసిన ఉపదేశము. ప్రకృతిపురుష వివేకము, చిత్తనిరోధము, భక్తి భేదములు అందలి విషయములు. వాసిష్ఠ రామాయణమునకు మూలమైన యోగవాసిష్ఠము జగత్తు మనఃకల్పితమనియు, విచారమే మోక్షద్వారమనియు బోధించు గ్రంథము. దేవహూతి ఉపదేశము నందుకొన్న స్త్రీ. యోగవాసిష్ఠములోని చూడాల తన భర్తయైన రాజునకే ఆత్మవిద్య నుపదేశించిన స్త్రీ. బ్రహ్మవిద్యకు స్త్రీ అర్హురాలను విషయమును వెంగమాంబ వాదించి నిరూపింపలేదు. అట్టి స్త్రీలున్న గ్రంథములను తెనుగు చేయుటయే ఆమె చేసిన సమాధానమని తోచుచున్నది.

సగుణారాధనకును అద్వైతానుభవమునకును ఆమె మార్గమున విరోధము లేదు. హారతి పట్టు చేయియు, అష్టాంగయోగమును వివరించు వాక్కును ఒక్కరివే. నాయికాభావముతో స్వామిని వరించిన హృదయమే ముక్తిని కాంతగా రూపించి యక్షగానము కూర్చినది.

అవిద్యోక్తి విచారము

ఇక మొదటి ప్రశ్న. ఛందోనియమములు, రాగతాళములు, సాంఖ్యయోగ పరిభాష తెలిసిన కవయిత్రి తాను చదువుకొనలేదని ఏల చెప్పినది? గురువును పేర్కొన్న ఆమెయే గురుముఖమున అక్షరములు నేర్వలేదనుట పరస్పరవిరుద్ధముగా కనబడును. కాని విరోధము పైపైనదే. బాలురకు జరుగు అక్షరాభ్యాసము, కావ్యపాఠము తనకు లేవనుట నాటి స్త్రీజీవితమును గూర్చిన సత్యోక్తి. గురుస్తుతి బ్రహ్మోపదేశమునకు సంబంధించినది. ఒకటి లౌకికవిద్య, మరియొకటి ఆధ్యాత్మికవిద్య. రెండును నిజములే.

కర్తృత్వమును భగవంతునకు అర్పించుట భక్తకవులలో క్రొత్త కాదు. పోతనయు అట్లే చేసెను. కాని పోతనకు అది వినయము మాత్రమే. వెంగమాంబకు అది రక్షణము కూడ. భర్త లేనిదానవని లోకము పలుకగా, నిత్యుడైన వేంకటేశ్వరుడే నా భర్త యనినది. చదువు లేనిదానవు, వేదాంతము చెప్పుటకు నీకేమి అధికారమని లోకము అడుగగల చోట, పలికించువాడు ఆయనయే యనినది. ఈ రెండు సమాధానములకును యుక్తి ఒక్కటే. లోకము తనయందు చూపిన లోటునెల్ల దైవమునకు చోటుగా మార్చినది. కావున ఆమె అవిద్యోక్తిని అక్షరాలా నమ్మి ఆమెను కేవలము మహిమాన్వితురాలిగా చూచుటయు, దానిని వట్టి అలంకారముగా త్రోసివేయుటయు, రెండును ఆమెకు అన్యాయము చేయుటయే యగును.

ఉపసంహారము

తిరుమల తిరుపతి దేవస్థానము 1985లో నిత్యాన్నదాన పథకమును ప్రారంభించినది. 2011లో తిరుమలలో ఆరంభమైన అన్నప్రసాద భవనమునకు మాతృశ్రీ తరిగొండ వెంగమాంబ పేరు పెట్టినది. ఆమె అన్నదానమునకు ఇది తగిన గౌరవము. ఆమె విద్యకు తగిన గౌరవము మన పాఠ్యక్రమములలో జరుగవలసియున్నది. రాజయోగామృతసారమును కపిలగీతతోను, వాసిష్ఠ రామాయణమును యోగవాసిష్ఠముతోను ప్రక్కప్రక్కన నుంచి, ఏది విడిచినది, ఏది పెంచినది, ఏది తన మాటగా చేర్చినది అని పంక్తిపంక్తికి పరిశీలించినచో ఆమె పాండిత్యము దానంతట అదే వెల్లడియగును. సంస్కృతాంధ్రములు రెండును అభ్యసించు ప్రాచ్య కళాశాలల విద్యార్థులకు ఇంతకంటె తగిన పరిశోధనక్షేత్రము అరుదు.