రెండో ఓటు

చెన్నైలో రాయపురం రైల్వే స్టేషను దాటి సముద్రం వైపు నడిస్తే కాశిమేడు చేపల రేవు. వలలు బాగు చేసుకునే వాళ్ల దగ్గర ఓ పది నిమిషాలు నిలబడితే చాలు, తమిళం మధ్యలోంచి మన సిక్కోలు యాస చెవిన పడుతుంది. సొంత తీరంలో సరైన రేవు లేక ఇంత దూరం వచ్చి పరాయి బోట్ల మీద వేటకెళ్లే మనోళ్లు అక్కడ చాలామందే ఉన్నారు.

2024 ఎన్నికలు వాళ్లకు బాగా కలిసొచ్చాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఎలాగూ వేట నిషేధం. మన దగ్గర పోలింగ్ మే 13న. కూలి పోగొట్టుకోకుండా ఊరెళ్లి ఓటేయొచ్చు. బోట్లు ఇంకా కట్టేయక ముందే, ఆ ఏప్రిల్ మొదట్లో, రేవులో ఓ మేనమామకీ మేనల్లుడికీ వాదన పడింది. మామ ఓటు ఏళ్ల తరబడి ఒకే పార్టీకి. ఆ పార్టీ వాళ్ల నియోజకవర్గంలో గెలిచే ఆశ లేదు. ఓటు మురగబెట్టుకోవడం దేనికి, మనకు గిట్టనివాణ్ని ఓడించే సత్తా ఉన్నవాడికి గుద్దితే పోలేదా అంటాడు అల్లుడు. నమ్మినదానికి కాకుండా లెక్క చూసుకుని వేస్తే అది నా ఓటెలా అవుతుందని మామ. చుట్టూ ఉన్నవాళ్లు రెండు జట్లయిపోయారు.

రాయపురానికి ఈ వాదన కొత్తేం కాదు. ఇక్కడ 1991 నుంచి అయిదుసార్లు నెగ్గిన మాజీ మంత్రి డి.జయకుమార్ 2021లో ఓడిపోయారు. బీజేపీతో పొత్తే తన కొంప ముంచిందని ఆయనే తర్వాత బాహాటంగా చెప్పుకొన్నారు. మనిషిని చూసి వేయాలా, పొత్తు చూసి వేయాలా అన్న మీమాంస అలా ఉంటుంది మరి.

ఆ వాదన వింటుంటే వి.వి.గిరి గుర్తొచ్చారు. మన సరిహద్దు మనిషి. ఓ ఎన్నికలో జనం వేసిన రెండో ఓటు ఆయన్ని దెబ్బతీసింది. పన్నెండేళ్ల తర్వాత మరో ఎన్నికలో రెండో ఓటు లెక్కపెడితే గానీ ఆయన గట్టెక్కలేదు. పైగా దక్షిణాదిలో తొలి రైలు 1856 జూలై 1న బయల్దేరింది ఈ రాయపురం స్టేషను నుంచే. గిరిగారిని నాయకుణ్ని చేసింది రైల్వే కార్మికులే. ఆయన కన్నుమూసిందీ ఈ నగరంలోనే.

వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న బరంపురంలో పుట్టారు. ఇప్పుడది ఒడిశా. అప్పట్లో మద్రాసు రాజధానిలో భాగం. తండ్రి జోగయ్య పంతులు పేరున్న వకీలు. కొడుకు కూడా అదే చదువు కోసం 1913లో డబ్లిన్ వెళ్లాడు. అక్కడి స్వాతంత్య్ర పోరాటం ఒంటబట్టింది. 1916 ఈస్టర్ తిరుగుబాటు తర్వాత దేశం విడిచి పొమ్మన్నారు. వచ్చి బరంపురంలో ప్రాక్టీసు పెట్టారు గానీ అది ఎంతో కాలం సాగలేదు. సహాయ నిరాకరణ, కల్లు సారా దుకాణాల పికెటింగు, 1922లో జైలు. ఆ తర్వాత రైల్వే కార్మికులు. మన పలాస, విజయనగరం మీదుగా పోయే బెంగాల్ నాగ్‌పూర్ రైల్వేలో సంఘం కట్టి, 1928లో పనిలోంచి తీసేసిన వాళ్ల కోసం సమ్మె నడిపించారు. 1931లో లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్లింది కూడా కార్మికుల ప్రతినిధిగానే.

ఇక ఎన్నికల సంగతికొద్దాం.

1937లో మద్రాసు శాసనసభ ఎన్నికలు. బొబ్బిలిలో గిరిగారికి ప్రత్యర్థి ఎవరో కాదు, సాక్షాత్తూ బొబ్బిలి రాజా. జస్టిస్ పార్టీ అధినేత, మద్రాసు రాజధానికి ప్రధాని. ఆయన సొంత జమీందారీలో ఆయన మీదే పోటీ. ఓటు అప్పుడు అందరికీ లేదు. ఆస్తో, పన్నో, చదువో ఉండాలి. ఓటున్న రైతుల్లో చాలామంది శిస్తు కట్టేది ఆ దివాణానికే. లెక్క చూసుకునే రైతైతే ఎవరికేయాలి? రేపు పొద్దున్న పొలం గట్టు తగువు వచ్చినా, శిస్తు బకాయి పడినా వెళ్లాల్సింది రాజాగారి కచేరీకే కదా. కడుపు చెప్పే లెక్క అది. మనసు మాత్రం గాంధీ వైపు.

ఆ ఎన్నికల్లో ఒక్కో పక్షానికి ఒక్కో రంగు పెట్టె. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. అక్షరం ముక్క రాకపోయినా రంగు తెలిస్తే చాలు. చీటీ ఏ పెట్టెలో పడిందో దివాణానికి తెలిసే దారి లేదు. బొబ్బిలి రాజా బొబ్బిలిలోనే ఓడిపోయారు. రాజధాని మొత్తం మీద 215 స్థానాల్లో 159 కాంగ్రెస్‌వే. రాజాజీ మంత్రివర్గంలో గిరిగారు కార్మిక మంత్రి అయ్యారు. నన్నడిగితే ఆ రోజు గెలిచిన వాటిలో ఆ చాటుకీ వాటా ఉంది. భయం లేనిచోట మనిషి తనకు నచ్చినట్టు వేస్తాడు.

తర్వాతివి గబగబా చెప్పేసుకోవచ్చు. 1946లో ప్రకాశం గారి మంత్రివర్గం, 1947 నుంచి సిలోన్‌లో హైకమిషనర్, 1952లో పాతపట్నం నుంచి లోక్‌సభ, నెహ్రూ దగ్గర కార్మిక మంత్రి. 1954లో బ్యాంకు ఉద్యోగుల జీతాలపై ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును ప్రభుత్వం మార్చేస్తే, ఇష్టం లేక పదవి వదిలేసి బయటికొచ్చారు. కేంద్ర మంత్రి పదవి అలా వదులుకున్న వాళ్లు ఎంతమంది ఉంటారు!

1957లో పార్వతీపురం లోక్‌సభ స్థానం. అప్పట్లో అది ఇద్దరు సభ్యుల నియోజకవర్గం. ఒకటి గిరిజనులకు రిజర్వు, ఒకటి జనరల్. ఈ తరం వాళ్లకు ఆ పద్ధతి తెలీదు కాబట్టి కాస్త విడమర్చి చెప్పాలి. ఓటరుకు రెండు ఓట్లు. రెండూ ఒకరికే వేయకూడదు. పార్టీ మీద నమ్మకమున్నవాడు తన పార్టీ జంటకు చెరొకటీ వేస్తాడు. లెక్కల మనిషి అలా కాదు. ఒకటి తనవాడికి వేసి, రెండోది పరిచయస్థుడికో, మాటిచ్చిన వాడికో వేస్తాడు. మరీ గట్టివాడైతే రెండోది అసలు వేయడు, తనవాడికి అది పోటీ అవుతుందని. ఓట్లు లెక్కపెట్టాక గిరిజన అభ్యర్థుల్లో ఎక్కువ వచ్చినవారికి రిజర్వు స్థానం. మిగిలిన అందరిలో ఎవరికి ఎక్కువొస్తే వారికి జనరల్ స్థానం.

కాంగ్రెస్ జంట బి.సత్యనారాయణ దొర, గిరి. సత్యనారాయణ దొర అందరికంటే పైన నిలిచి రిజర్వు స్థానం గెలిచారు. జనరల్ స్థానానికి గిరిగారే అనుకుంటే, మరో గిరిజన అభ్యర్థి డిప్పల సూరిదొరకు 1,24,604 ఓట్లు, గిరిగారికి 1,24,039. తేడా 565. అంటే సూరిదొరకు ఓటేసిన వాళ్లలో 283 మంది ఆ చీటీ గిరిగారి వైపు వేసుంటే ఫలితం తారుమారయ్యేది. బొబ్బిలి రాజాని ఓడించిన మనిషి, ఇరవై ఏళ్ల తర్వాత అదే ప్రాంతంలో ఓ గుప్పెడు చీటీలతో ఓడిపోయారు.

ఆయన కోర్టుకెక్కారు. రిజర్వు స్థానానికి నిలబడ్డ మనిషి జనరల్ సీటు ఎలా తీసుకుంటాడన్నది వాదన. సూరిదొర అసలు గిరిజనుడే కాదని కూడా వాదించారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 1959లో సూరిదొర ఎన్నిక చెల్లుతుందని మెజారిటీ తీర్పు వచ్చింది. రిజర్వేషన్ అంటే కనీసం ఒక సీటన్న భరోసాయే గానీ, అంతకుమించి గెలవకూడదన్న గీత కాదని దాని సారాంశం. కార్మికుల కోసం జీవితమంతా కొట్లాడిన మనిషి, అడవి బిడ్డకు జనరల్ సీటు చెల్లదనడం ఏం బాగుంది? ఈ ఒక్క విషయంలో గిరిగారి వైపు నిలబడటం నాకు కష్టమే. ఆ ఇద్దరు సభ్యుల పద్ధతిని 1961లో చట్టం చేసి ఎత్తేశారు.

ఓడిన గిరిగారిని గవర్నర్‌గిరీ వరించింది. ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు. 1967లో ఉపరాష్ట్రపతి. 1969 మేలో రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ చనిపోతే తాత్కాలిక రాష్ట్రపతి అయ్యారు. 14 బ్యాంకుల జాతీయకరణ ఆర్డినెన్సు మీద జూలై 19న సంతకం పెట్టారు. ఆ మర్నాడే రాజీనామా చేసి స్వతంత్ర అభ్యర్థిగా రాష్ట్రపతి పోటీలోకి దిగారు.

కాంగ్రెస్ అధికార అభ్యర్థి మన అనంతపురం నీలం సంజీవరెడ్డి. ఆయన నామినేషను మీద సంతకం పెట్టిన ఇందిరాగాంధీయే తీరా పోలింగ్ దగ్గరపడ్డాక అంతరాత్మ ప్రబోధం ప్రకారం ఓటేయండని పిలుపిచ్చారు. పార్టీ అధ్యక్షుడు నిజలింగప్ప జనసంఘ్, స్వతంత్ర పార్టీలను రెండో ప్రాధాన్య ఓట్లు సంజీవరెడ్డికి వేయమని అడిగారని, అది పార్టీ సిద్ధాంతానికి ద్రోహమని ఆమె వర్గం వాదన. ఒక పక్క లెక్క, ఇంకో పక్క అంతరాత్మ అన్నట్టు చెప్పారు. నిజానికి ఆ అంతరాత్మ పిలుపు వెనక కూడా గట్టి లెక్కే ఉంది. సిండికేటును దెబ్బకొట్టాలి, డీఎంకే, కమ్యూనిస్టులు ఎలాగూ గిరి వైపున్నారు. అయినా కాంగ్రెస్ ఎంపీ స్థానంలో నిలబడి చూడండి. పార్టీ మాటా, ప్రధాని మాటా? అటూ తెలుగువాడే, ఇటూ తెలుగువాడే.

ఆగస్టు 16న పోలింగ్. బరిలో 15 మంది. 20న లెక్కింపు. గిరికి మొదటి ప్రాధాన్య ఓట్లు 4,01,515. సంజీవరెడ్డికి 3,13,548. జనసంఘ్, స్వతంత్ర పార్టీలు నిలబెట్టిన సి.డి.దేశ్‌ముఖ్‌కు 1,12,769. నెగ్గడానికి కావలసింది 4,18,169. ఎవరికీ రాలేదు. అప్పుడు వెనకబడినవాళ్ల చీటీల్లో రెండో ఓటు చూడటం మొదలైంది. సంజీవరెడ్డి 91 వేల పైచిలుకు కూడగట్టుకున్నారు. గిరిగారికి వచ్చింది 18,562. చివరికి 4,20,077, 4,05,427. గీత దాటింది 1,908 విలువతో. ఎంపీ ఓటు విలువ అప్పుడు 576. ముగ్గురో నలుగురో ఎంపీల ఓట్లన్నమాట. నిజలింగప్ప అడిగిన రెండో ఓట్లు పడ్డాయి. చాల్లేదంతే.

ఆ ఎన్నిక మీదా కేసు పడింది. సంజీవరెడ్డి గురించి నీచంగా రాసిన కరపత్రం ఎంపీలకు పంచారన్నది ఓ ఆరోపణ. పదవిలో ఉన్న రాష్ట్రపతి స్వయంగా సుప్రీంకోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. 1970లో కోర్టు పిటిషన్లు కొట్టేసింది. 1974 దాకా రాష్ట్రపతి, 1975లో భారతరత్న. సంజీవరెడ్డి 1977లో పోటీ లేకుండా అదే కుర్చీ ఎక్కారు. 1980 జూన్ 24న గిరిగారు మద్రాసులో చనిపోయేనాటికి రాష్ట్రపతి ఆయనే.

కాశిమేడు మామాఅల్లుళ్లు జూన్ 15 తర్వాత మళ్లీ బోటెక్కారు. మామ ఓటు పాత పార్టీకేనట, అడక్కముందే చెప్పాడు. అల్లుణ్ని ఎన్నిసార్లు అడిగినా నవ్వి ఊరుకున్నాడు, చెప్పలేదు.