బాయిలర్ కొనేముందు జేమ్స్ వాట్ కథ

జేమ్స్ వాట్ అనగానే మనందరికీ స్కూల్లో విన్న కెటిల్ కథ గుర్తొస్తుంది. మూత ఎగిరింది, పిల్లాడు చూశాడు, ఆవిరి యంత్రం పుట్టేసింది! కానీ ఆవిరి యంత్రం వాట్ పుట్టకముందే ఉంది. థామస్ న్యూకోమెన్ 1712లోనే గనిలో నీళ్ళు తోడే ఇంజన్ నిలబెట్టాడు. వాట్ పుట్టింది 1736 జనవరి 19న, స్కాట్లాండ్‌లోని గ్రీనాక్‌లో. మరి ఆయన చేసిందేంటి? బొగ్గు ఖర్చు తగ్గించాడు. వినడానికి చప్పగా ఉంది కదా. కానీ ఈరోజు హిందూపురంలోనో పెనుకొండ దగ్గరో ఒక ఫ్యాక్టరీకి గ్యాస్ బాయిలర్ కొనాలన్నా లెక్క అక్కడే మొదలవుతుంది.

చిన్నప్పుడు వాట్‌కి ఆరోగ్యం అంతంతమాత్రం. 1755లో లండన్ వెళ్ళి, కొలత పరికరాల తయారీ ఒక్క ఏడాదిలో నేర్చుకుని వచ్చాడు. గ్లాస్గోలో షాపు పెడదామంటే పూర్తి అప్రెంటిస్‌షిప్ చేయలేదని అక్కడి పనివాళ్ళ సంఘం అడ్డుపడింది. 1757లో యూనివర్సిటీయే లోపల ఒక గది ఇచ్చింది. డిగ్రీ లేని మనిషికి క్యాంపస్‌లో ల్యాబ్ దొరికినట్టు అనుకోండి.

1763లో ఆ గదికి న్యూకోమెన్ ఇంజన్ బొమ్మ ఒకటి రిపేరుకు వచ్చింది. కొన్ని స్ట్రోకులు కొట్టేలోపే దాని బాయిలర్‌లో ఆవిరి అయిపోయేది. వాట్ కొలిచి చూస్తే తేలింది ఇది: సిలిండర్‌లోకి ఆవిరి పంపాలి, చన్నీళ్ళు చల్లి దాన్ని నీరు చేయాలి, మళ్ళీ ఆవిరి పంపాలి. ప్రతిసారీ చల్లబడ్డ సిలిండర్‌ను తిరిగి వేడి చేయడానికే ఎక్కువ ఆవిరి ఖర్చవుతోంది. నీరు ఆవిరి కావడానికి విడిగా ఎంత వేడి మింగుతుందో అప్పటికే కనిపెట్టిన జోసెఫ్ బ్లాక్ అదే యూనివర్సిటీలో ఉండేవాడు, వాట్‌కి స్నేహితుడు కూడా. 1765 మే నెలలో ఒక ఆదివారం గ్లాస్గో గ్రీన్ మైదానంలో నడుస్తుంటే వాట్‌కి దారి తట్టింది. సిలిండర్‌ని ఎప్పుడూ వేడిగానే ఉంచి, ఆవిరిని పక్కన ఇంకో పాత్రలోకి లాగి అక్కడ చల్లార్చడం. అదే సెపరేట్ కండెన్సర్.

ఐడియాకి ఒక ఆదివారం పట్టింది, అమ్మగలిగే యంత్రానికి 11 ఏళ్ళు. పేటెంట్ 1769లో వచ్చింది. సిలిండర్ సరిగ్గా గుండ్రంగా చేసేవాళ్ళే దొరకలేదు. డబ్బు పెట్టిన జాన్ రోబక్ దివాళా తీశాడు. ఇల్లు గడవడానికి వాట్ కాలువల సర్వే పనికి పోయాడు. 1773లో ఆయన స్కాట్లాండ్ కొండల్లో సర్వేలో ఉండగా భార్య మార్గరెట్ ప్రసవ సమయంలో చనిపోయింది. మరుసటి ఏడాది పిల్లలతో బర్మింగ్‌హామ్ చేరి మాథ్యూ బోల్టన్‌తో కలిశాడు. ఫిరంగులు తొలిచే పనిలో ఆరితేరిన జాన్ విల్కిన్‌సన్ సిలిండర్లు తొలిచి ఇచ్చాక, 1776లో తొలి ఇంజన్లు నడిచాయి.

ఇక్కడ నాకు బాగా నచ్చింది వాళ్ళు అమ్మిన పద్ధతి. విడిభాగాలు చాలావరకు కొనేవాడే తెప్పించుకోవాలి. కంపెనీకి ఇవ్వాల్సింది పాత ఇంజన్‌తో పోలిస్తే మిగిలిన బొగ్గు విలువలో మూడో వంతు, ఏటా. ఇంజన్ ఎన్ని స్ట్రోకులు కొట్టిందో లెక్కపెట్టే కౌంటర్‌ని పెట్టెలో పెట్టి తాళం వేసేవాళ్ళు. మనం వాడినంతకే క్లౌడ్ బిల్లు కట్టడం లాంటిదే, రెండొందల ఏళ్ళ ముందు! ఎక్కువగా కొన్నది కార్న్‌వాల్ గనులవాళ్ళు. అక్కడ బొగ్గు లేదు, ఓడల్లో తెప్పించుకోవాలి. బొగ్గు గని పక్కనే ఉన్నవాడికి ఆదా మీద అంత మోజు ఉండదు.

మన పరిస్థితీ కార్న్‌వాల్ లాంటిదే. గ్యాస్ కృష్ణా గోదావరి బేసిన్‌లో ఉంది, మన అనంత నేలలో కాదు. దూరం నుంచి రావాల్సిందే. గంటకు ఒక టన్ను ఆవిరి ఇచ్చే బాయిలర్ సుమారు 70 ఘనపు మీటర్ల గ్యాస్ కాలుస్తుంది. రోజుకు 16 గంటలు, ఏడాదికి 300 రోజులు నడిపితే, 85 శాతం ఎఫిషియెన్సీకి 90 శాతానికి మధ్య తేడా దాదాపు 20 వేల ఘనపు మీటర్లు. ఒక్క ఏడాదికే! కాబట్టి కొటేషన్లో అడుగున ఉన్న ధర కన్నా ఆ శాతం ముఖ్యం. అది గ్రాస్ కెలోరిఫిక్ వాల్యూ మీదా, నెట్ మీదా అని కూడా అడగాలి. నెట్ మీద చెప్తే అదే బాయిలర్ దాదాపు పది శాతం మెరుగ్గా కనిపిస్తుంది. గ్యాస్ కాలితే పొగలో బోలెడు నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని సుమారు 55 డిగ్రీల కిందకు చల్లారిస్తే బ్లాక్ చెప్పిన ఆ దాగిన వేడి తిరిగొస్తుంది. కాకపోతే చల్లార్చడానికి చల్లటి నీళ్ళు కావాలి. ధర్మవరం పట్టుకు రంగు అద్దే పనిలా రోజంతా చన్నీళ్ళను వేడి చేసుకునే చోట ఆ కండెన్సర్‌కి పెట్టిన డబ్బు తొందరగా తిరిగొస్తుంది. వాట్ బతికుంటే ముందు పొగగొట్టం మీదే చెయ్యి పెట్టి చూసేవాడేమో.

అలాగని ఆయన్ని దేవుణ్ణి చేయనక్కర్లేదు. పార్లమెంటు ద్వారా పేటెంట్‌ని 1800 దాకా పొడిగించుకుని, పక్కవాళ్ళు ఇంజన్ని మెరుగుపరచబోతే కోర్టుకు లాగాడు. కార్న్‌వాల్ వాళ్ళు బాకీలు ఎగ్గొట్టారు, 1799లో కేసు వాట్‌ వైపే తేలింది. హై ప్రెషర్ ఆవిరి అంటే ఆయనకు భయం, చివరిదాకా వద్దన్నాడు. 1803లో గ్రీనిచ్‌లో రిచర్డ్ ట్రెవిథిక్ హై ప్రెషర్ బాయిలర్ పేలి నలుగురు చనిపోయారు. ఆ భయం ఉత్తిది కాదు. కానీ ట్రెవిథిక్ ఆగలేదు. సేఫ్టీ వాల్వు రెండు పెట్టాడు, నీళ్ళు తగ్గితే కరిగిపోయే సీసం ప్లగ్గు పెట్టాడు. ఒకప్పుడు ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మీదుగా బెంగళూరు పోయిన ఆవిరి రైళ్ళు వాట్ వద్దన్న ఆ హై ప్రెషర్‌తోనే నడిచాయి. మన దేశంలో బాయిలర్ల తనిఖీకి 1923లోనే చట్టం వచ్చింది, 2025లో దాని స్థానంలో కొత్తది తెచ్చారు. ఆ సర్టిఫికెట్ లేని బాయిలర్ సగం ధరకు వచ్చినా తీసుకోకూడదు.

ఇంకో విషయం. గ్యాస్‌ని దీపాలకు వాడి చూపించింది వాట్ కంపెనీలో పనిచేసిన విలియం మర్డాకే. 1802లో వాళ్ళ సోహో ఫ్యాక్టరీ ముందు భాగం బొగ్గు గ్యాస్ దీపాలతో వెలిగింది. అప్పటికే వాట్ పని నుంచి తప్పుకున్నాడు. హీత్‌ఫీల్డ్‌లోని ఇంట్లో అటక మీద చిన్న వర్క్‌షాప్ పెట్టుకుని, శిల్పాలకు నకళ్ళు చెక్కే యంత్రాలు చేస్తూ కూర్చునేవాడు. 1819 ఆగస్టు 25న ఆ ఇంట్లోనే చనిపోయాడు. ఆ అటక గదిని ఆయన పనిముట్లతో సహా వందేళ్ళకు పైగా దాదాపు అలాగే ఉంచేశారు. 1924లో మొత్తం విప్పి లండన్ సైన్స్ మ్యూజియంకి తీసుకెళ్ళారు.