ఊపిరితో గొలుసు తెంచినవాడు

మన దగ్గర ఫిట్‌నెస్ ఎట్లా నడుస్తదో అందరికీ తెలుసు. మొదటి నెల జిమ్. రెండో నెల జిమ్ బోర్ కొట్టి యూట్యూబ్ చూసి కాలిస్థెనిక్స్. ఎగ్జామ్స్ దగ్గర పడితే స్ట్రెస్ కోసం యోగా. సూర్యాపేట నుంచి వచ్చేవాళ్ళైనా, కోదాడ, మిర్యాలగూడ నుంచి వచ్చేవాళ్ళైనా ఇదే రూటు. ఏది కరెక్ట్ అని క్యాంటీన్‌లో గొడవ పెట్టుకుంటం కానీ, ఇదే గొడవను నూట ఇరవై ఏళ్ళ కింద ఒక తెలుగాయన తన ఒంటి మీదే టెస్ట్ చేసి చూశాడని మనలో చాలామందికి తెలియదు. ఆయన కోడి రామమూర్తి నాయుడు.

ఊరు వీరఘట్టం. ఇప్పటి పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది, అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీ. 1880ల మొదట్లో పుట్టాడు. చిన్నప్పుడే తల్లి చనిపోయింది. చదువు మీద ధ్యాస లేదు, తండ్రి వెంకన్న నాయుడు విసిగిపోయి విజయనగరంలో ఉన్న చిన్నాన్న నారాయణస్వామి ఇంటికి పంపించాడు. కొడుకు అక్కడైనా పుస్తకం పడతాడని ఆశ. కానీ విజయనగరం అంటే గజపతుల ఊరు, కుస్తీకి, సాముకి పేరున్న చోటు. చదువుకి దూరం చేద్దామనుకుంటే ఇంతకన్నా మంచి ఊరు దొరకదు! పిల్లవాడు పుస్తకం వదిలి గోదాలోకి దిగాడు.

మొదటి ట్రైనింగ్ అదే. దండీలు, బస్కీలు, కుస్తీ. దండీ అంటే మన పుషప్ కాదు. నడుము పైకెత్తి, ఛాతీని నేలకు దగ్గరగా జారుస్తూ ముందుకు తీసుకొచ్చి లేవాలి. ఒక్క రెప్‌లోనే భుజం, వెన్ను, ఊపిరి మూడూ పనిచేస్తాయి. మన తెలంగాణలో తాలీంఖానాలకు వెళ్ళిన పాత పెద్దమనుషులను అడగండి, వందల్లో తీసేవాళ్ళమని చెప్తారు. మెషీన్ అక్కర్లేదు, నెలసరి ఫీజు అసలే అక్కర్లేదు.

రెండోది పూర్తిగా వేరే లోకం. మద్రాసు సైదాపేటలో ఒక ఏడాది వ్యాయామ శిక్షణ తీసుకుని, సర్టిఫికెట్‌తో తిరిగొచ్చి, తను చదివిన విజయనగరం హైస్కూల్లోనే డ్రిల్ మాస్టారు అయ్యాడు. చదువు రాలేదని పంపేసిన పిల్లవాడు అదే బడికి టీచర్‌గా రావడం నాకు ఈ కథలో చాలా నచ్చిన పార్ట్. అప్పట్లో ప్రపంచమంతా యూజెన్ సాండో పేరు మోగుతోంది. డంబెల్స్, కండరాల షేప్, ఫొటోలు. ఇవాళ మనం రీల్స్‌లో చూసేదానికి తాత లాంటోడు. 1904-05లో ఆయన మన దేశానికి కూడా వచ్చి ప్రదర్శనలు ఇచ్చాడు. రామమూర్తి ఆ పాశ్చాత్య పద్ధతులను కూడా చూసి, చివరికి మన దండీలు, బస్కీలు, ప్రాణాయామం వైపే మొగ్గాడని ఆయన గురించి రాసినవాళ్ళు చెబుతారు. తినేది కూడా శాకాహారమే. ఎగ్ వైట్ లేకుంటే మజిల్ రాదు అనే మన జిమ్ అన్నలు ఇక్కడ కొంచెం ఆగి ఆలోచించాలి.

టీచర్ ఉద్యోగంలో ఎక్కువ కాలం ఆగలేదు. పొట్టి పంతులు అనే స్నేహితుడి ప్రోత్సాహంతో సర్కస్ కంపెనీ పెట్టాడు. అక్కడి నుంచి పేరు దేశమంతా పాకింది. ఒంటికి ఇనుప గొలుసు కట్టించుకుని, గాలి పీల్చి ఛాతీ విప్పితే గొలుసు తెగేది. కార్లకు కట్టిన తాళ్ళు పట్టుకుంటే ఇంజన్ ఎంత అరిచినా బండి కదిలేది కాదు. ఛాతీ మీద చెక్క పరిపించి ఏనుగుని నడిపించేవాడు.

ఈ ఏనుగు దగ్గర నాలోని ఇంజనీరింగ్ స్టూడెంట్ ఊరుకోలేదు. ఎదిగిన మన దేశపు ఆడ ఏనుగు సుమారు మూడు టన్నులు అనుకుందాం. మిర్యాలగూడ రైస్ మిల్లు దగ్గర లారీకి ఎక్కించే యాభై కిలోల బస్తాలు అరవై. అరవై బస్తాలు ఒక మనిషి మీద! అయితే చెక్క ఎంత పొడవు, దాని కొనలు ఎక్కడ ఆనుతున్నాయి అన్నదాన్ని బట్టి ఛాతీకి తగిలే బరువు మారుతుంది. మిగతాది నేల మోస్తుంది. అంటే ఇందులో మెకానిక్స్ ఉంది, మాయ లేదు. కానీ మెకానిక్స్ తెలిసినంత మాత్రాన ఎవరూ వెళ్ళి ఏనుగు కింద పడుకోరు కదా. నేలకు పోగా మిగిలినది కూడా మామూలు పక్కటెముకలను విరిచేసేంత ఉంటుంది. దాన్ని ఆపేది లోపల బిగబట్టిన గాలి. డెడ్‌లిఫ్ట్ చేసేటప్పుడు ఊపిరి పీల్చి పొట్ట బిగించమని కోచ్‌లు చెప్తారే, అదే సూత్రం. తేడా ఏంటంటే మనకి బార్ కింద పడేసే ఆప్షన్ ఉంది. ఆయన ఏనుగు దిగేదాకా బిగువు సడలించకూడదు. గోదాలో నేర్చిన బలం, ప్రాణాయామంలో నేర్చిన ఓపిక, రెండూ కలిస్తేనే ఆ పని.

కలియుగ భీముడు, మల్లమార్తాండ, ఇండియన్ హెర్క్యులస్ అని బిరుదులు వచ్చాయి. లండన్‌లో అయిదో జార్జి చక్రవర్తి ముందు ప్రదర్శన ఇచ్చాడని, స్పెయిన్‌లో ఎద్దును కొమ్ములు పట్టి ఆపాడని కథలు చెప్పుకుంటారు. కొన్ని మరీ సినిమా సీన్లలా ఉంటాయి. వాటికన్నా నాకు ముఖ్యం అనిపించేది ఇంకోటి. అప్పుడు బ్రిటిష్‌వాళ్ళు భారతీయులు ఒంట్లో బలం లేనివాళ్ళు, పాలించుకోవడం చేతకానివాళ్ళు అని బాహాటంగా రాసేవాళ్ళు. అట్లాంటి రోజుల్లో, టికెట్ కొని కూర్చున్న జనం ముందు ఒక నల్ల మనిషి ఇనుప గొలుసు తెంచుతున్నాడు. చూసేవాళ్ళకి ఆ గొలుసు ఉత్త గొలుసులా కనిపించి ఉంటుందా? తిలక్, మదనమోహన మాళవీయ లాంటివాళ్ళు ఆయన్ని మెచ్చుకుని దగ్గరికి తీసుకున్నది ఊరికే కాదు. ఆయన కూడా యువకులను కూర్చోబెట్టి వ్యాయామం గురించి చెప్పేవాడు, సంపాదించింది చేతికి ఎముక లేనట్టు దానాలు చేసేవాడు.

తర్వాత కాలికి పుండు పడింది. అది ముదిరి, కాలు తీసేయక తప్పలేదు. ఆపరేషన్ టైంలో మత్తుమందు వద్దని, ప్రాణాయామంతో నొప్పిని పట్టి ఉంచాడని ఆయన ప్రాంతంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. అది ఎంతవరకు సాధ్యమో డాక్టర్లు చెప్పాలి. నేను మాత్రం ఆ తర్వాతి రోజుల గురించి ఆలోచిస్తుంటాను. పేరు, డబ్బు, బిరుదులు అన్నీ ఒంటితో తెచ్చుకున్న మనిషి. దండీకి రెండు కాళ్ళూ కావాలి, బస్కీకి కావాలి, కారు ఆపాలన్నా నేలకు తన్నిపెట్టి నిలబడేది కాళ్ళే. అవన్నీ పోయాయి. ఊపిరి ఒక్కటి మిగిలింది.

చివరి రోజులు ఒరిస్సాలోని బలంగీర్‌లో గడిచాయి. సర్కస్ డేరాలు లేవు, కూడబెట్టిన ఆస్తి కూడా పెద్దగా లేదు. 1942 జనవరిలో అక్కడే చనిపోయాడు. ఇప్పుడు శ్రీకాకుళంలో కోడి రామమూర్తి స్టేడియం ఉంది.