ఇంటింటి లెక్క: చార్లెస్ బూత్

1887వ సంవత్సరం. విక్టోరియా రాణి సింహాసనమెక్కి యాభై ఏళ్లు నిండినందుకు జూన్ నెలలో లండను నగరమంతా దీపాలతో, తోరణాలతో కళకళలాడింది. ఆ సంబరాలు ముగిసిన కొద్ది నెలలకే అదే నగరం నడిబొడ్డున ఉన్న ట్రఫాల్గర్ స్క్వేర్‌లో రాత్రయ్యేసరికి వందలాది మంది బెంచీల మీద, రాతి మెట్ల మీద పడుకొని కనిపించేవారు. వాళ్లకు ఇళ్లు లేవు. పని దొరికిన రోజు నాలుగు పెన్నీలు చెల్లించి బస ఇంట్లో ఒక పడక సంపాదించుకొనేవారు. దొరకని రోజున ఆరుబయటే నిద్ర.

ఇటువంటివారు నగరంలో ఎందరు? ఎందుకు ఈ స్థితికి వచ్చారు? సోమరితనం, తాగుడు కారణమని సంపన్నులు అనేవారు. యజమానుల దోపిడీ కారణమని సామ్యవాదులు అనేవారు. పేదలంతా ఒకనాడు తిరగబడి నగరాన్ని ముంచెత్తుతారని భయపడేవారు కొందరు. ఎవరి వాదం వారిదే గాని, వెళ్లి చూసి లెక్కపెట్టినవారు లేరు. ఆ పనికి పూనుకొన్నవాడు పండితుడు కాడు, ప్రభుత్వోద్యోగి కాడు. ఓడల వ్యాపారం చేసుకొనే ఒక వర్తకుడు. ఆయనే చార్లెస్ బూత్.

బూత్ 1840 మార్చి 30వ తేదీన ఇంగ్లండులోని లివర్‌పూల్ రేవు పట్టణంలో జన్మించాడు. తండ్రి ధాన్యం వ్యాపారి. పదహారో ఏట చదువు చాలించి, ఒక ఓడల కంపెనీలో పని నేర్చుకోవడానికి చేరాడు. ఇరవయ్యో ఏట తండ్రి మరణించాడు. అన్న ఆల్ఫ్రెడ్‌తో కలిసి తోళ్ల వ్యాపారం, ఆపైన బ్రెజిల్ దేశానికి ఆవిరి ఓడలు నడిపే వ్యాపారం ప్రారంభించి, రెండింటినీ వృద్ధిలోకి తెచ్చాడు. 1865లో ఎన్నికల ప్రచారానికని లివర్‌పూల్‌లోని పేదవాడలలో ఇల్లిల్లూ తిరిగాడు. అంతవరకు తాను చూడని ఊరు ఆయనకు అప్పుడు కనిపించింది.

1871లో ఆయన మేరీ మెకాలేను వివాహమాడాడు. మన దేశంలో ఆంగ్ల విద్యకు బాట వేసిన మెకాలే ప్రభువుకు ఈమె తమ్ముని కుమార్తె. భర్త వ్రాసిన ప్రతి అధ్యాయాన్నీ చదివి, దిద్ది, సందేహాలు లేవనెత్తిన మొదటి విమర్శకురాలు ఈమె. ఆ రోజులలో పుస్తకం అట్ట మీద ఇటువంటివారి పేరు వేసే ఆచారం లేదు.

లండనులో నాలుగింట ఒకవంతు జనం దారిద్ర్యంలో ఉన్నారని సామ్యవాదులు చెప్పే మాట బూత్ చెవిన పడింది. ఇది అతిశయోక్తి అని ఆయనకు తోచింది. ఆ మాట తప్పని నిరూపించాలన్నదే ఆయన మొదటి ఉద్దేశమని చెబుతారు. 1886లో సొంత డబ్బు ఖర్చుపెట్టి పని మొదలుపెట్టాడు. పగలు వ్యాపారం, రాత్రిళ్లు ఈ పరిశోధన.

అంత పెద్ద నగరంలో ప్రతి కుటుంబం సంగతీ తెలుసుకోవడం ఎట్లా? ఇక్కడే బూత్ తెలివి కనిపిస్తుంది. 1870 నాటి విద్యా చట్టం వచ్చాక, పిల్లలు బడికి వస్తున్నారో లేదో చూడడానికి స్కూలు బోర్డు ఉద్యోగులు వీధులవారీగా ఇల్లిల్లూ తిరిగేవారు. ఏ ఇంట్లో ఎందరు పిల్లలు, తండ్రి ఏం పని చేస్తాడు, పని సక్రమంగా దొరుకుతోందా అన్న సంగతులు ఏళ్ల తరబడి వారి పుస్తకాలలో చేరుతూ ఉండేవి. బూత్, ఆయన సహాయకులు ఈ ఉద్యోగులను ఒక్కొక్కరినే కూర్చోబెట్టి, వారి పుస్తకాలు ముందు పెట్టుకొని, వీధి తరువాత వీధి, ఇంటి తరువాత ఇల్లు అడిగి వ్రాసుకొన్నారు. తూర్పు లండనులో ఒక్కొక్క ఉద్యోగితో సగటున 20 గంటల సేపు ఇట్లా గడిపారు.

ఆ పుస్తకాలలో ఒక లోపం ఉంది. బడి ఈడు పిల్లలున్న ఇళ్లే వాటిలో ఉంటాయి. పిల్లలు లేనివారు, అసలు ఇల్లే లేనివారు అందులోకి రారు. బూత్ ఈ సంగతి దాచలేదు. బస ఇళ్లలో పడుకొనేవారిని గురించి, వీధులలో తిరిగేవారిని గురించి వేరుగా విచారించాడు. అట్టడుగు వర్గం విషయంలో తన అంకె స్థూలమైన అంచనా మాత్రమేనని స్పష్టంగా వ్రాశాడు.

కాగితాల మీద తెలిసింది చాలదని తూర్పు లండనులో కూలివారి ఇళ్లలో గది అద్దెకు తీసుకొని, తానెవరో చెప్పకుండా కొన్ని వారాలు ఉన్నాడు. వారు తిన్నదే తిన్నాడు. సహాయకులు కూడా అటువంటివారే. మేరీకి బంధువైన బియాట్రిస్ పాటర్ రేవు కూలీలను గురించి, బట్టలు కుట్టేవారిని గురించి పరిశోధించింది. ఆమె పేదరాలి వేషంలో కుట్టుపని శాలలో చేరి కూలికి కుట్టింది.

రేవు కూలీల సంగతి కొంచెం వివరంగా చెప్పుకోవాలి. తెల్లవారకముందే రేవు తలుపుల దగ్గర వందల మంది గుమికూడేవారు. మేస్త్రీ వచ్చి తనకు కావలసిన కొందరిని పిలిచేవాడు. మిగిలినవారు వెనక్కి పోవలసిందే. పిలుపు అందినవారికైనా పని కొన్ని గంటలే దొరకవచ్చు. కూలి ఇట్లా ఉంటే, అద్దె మాత్రం వారం వారం తప్పదు. రెండు మూడు వారాలు పని లేకపోతే సామాను కుదువకు పోతుంది, ఆ తరువాత గది పోతుంది. ఇల్లు లేనితనం ఒక్కనాటి ప్రమాదం కాదనీ, ఇట్లా మెట్టు మెట్టుగా దిగి వచ్చేదనీ ఈ వివరాల వల్ల తెలిసింది.

1889లో తూర్పు లండను గురించిన మొదటి సంపుటం వెలువడింది. ఒక మాదిరి కుటుంబానికి వారానికి 18 నుండి 21 షిల్లింగుల రాబడిని బూత్ హద్దుగా పెట్టుకొన్నాడు. ఆ హద్దుకు దిగువన బతికేవారు అక్కడ నూటికి 35 మంది. 1891లో లండను నగరమంతటి లెక్క తేలింది. నూటికి 30.7, అంటే దాదాపు పదమూడు లక్షల మంది దారిద్ర్యంలో ఉన్నారు. తాను అతిశయోక్తి అనుకొన్న అంకె కన్నా ఇది ఎక్కువ. అనుకొన్నది తారుమారైనందుకు ఆయన లెక్కను సవరించలేదు, ఉన్నదున్నట్లు అచ్చువేశాడు.

సంపన్నుల భయం కూడా నిలవలేదు. తిరగబడి నగరాన్ని ముంచుతారనుకొన్న అట్టడుగు వర్గం నూటికి ఒక్కరు కూడా లేరు. తూర్పు లండనులో దాదాపు 4,000 పేద కుటుంబాల స్థితికి కారణాలు వెతికితే, అతి పేదలలో నూటికి 55 కుటుంబాలకు పని దొరకకపోవడం, కూలి చాలకపోవడం కారణంగా కనిపించింది. 27 కుటుంబాలకు జబ్బులు, అధిక సంతానం. తాగుడు, దుబారా నూటికి 14. పని చేయడానికి ఇష్టం లేనివారు 4.

ఈ ఫలితాలను ఆయన పటంగా కూడా గీయించాడు. అతి పేద వీధికి నలుపు, తరువాతివాటికి ముదురు నీలం, లేత నీలం, మిశ్రమానికి ఊదా, సుఖంగా ఉన్నవారికి గులాబీ, ఎరుపు, శ్రీమంతులకు పసుపు. పసుపు వీధికి కూతవేటు దూరంలో నల్లని సందు ఉండడం చదువు రానివారికి కూడా కనిపించేది.

ఇదే కాలంలో సాల్వేషన్ ఆర్మీ స్థాపకుడు విలియం బూత్ ఇల్లు లేనివారికి లండనులో ఆశ్రయాలు నడిపాడు. ఇద్దరికీ బంధుత్వం లేదు. 1890లో ఆయన వ్రాసిన పుస్తకానికి ఆధారంగా చార్లెస్ బూత్ అంకెలనే తీసుకొన్నాడు.

పటంలో నలుపు, ముదురు నీలం దట్టంగా కమ్ముకొన్న చోట్లలో ఓల్డ్ నికల్ అనే వాడ ఒకటి. లండను కౌంటీ కౌన్సిల్ దానిని పడగొట్టి, అందమైన ఇటుక మేడలు కట్టింది. 1900లో వాటికి ప్రారంభోత్సవం జరిగింది. పాత వాడ నుండి 5,700 మందికి పైగా ఖాళీ చేశారు. కొత్త ఇళ్లలోకి వచ్చిన పాతవారు 11 మంది. అద్దె వారికి అందలేదు. మిగిలినవారు చుట్టుపక్కల సందులలో, అప్పటికే కిక్కిరిసిన గదులలో సర్దుకొన్నారు. గోడలు ఎట్లా ఉన్నాయో చూసినవారు, లోపలివారు ఎంత అద్దె ఇవ్వగలరో చూడలేదు. 1901లో బూత్ ఒక చిన్న పుస్తకం వ్రాసి, రైళ్లు, ట్రాములు నగరం బయటి వరకు చౌకగా నడిస్తే కూలివారు దూరంగా ఉన్న విశాలమైన చోట కాపురముండి పనికి రాగలరని, ఇళ్ల సమస్యకు అదే మొదటి మందని వాదించాడు.

ఆయన ఆలోచనలన్నీ మనకు రుచించవు. అతి పేద కూలీలను నగరం నుండి తరలించి, ప్రభుత్వ పర్యవేక్షణలో పనివాడలలో ఉంచాలని ఒక దశలో సూచించాడు. అంత ఓపికగా వారిని చూసినవాడు వారి ఇష్టాన్ని అడగలేదు. ఆ సూచన అమలు కాలేదు.

ఆయన శ్రమ ఫలించినది వృద్ధుల విషయంలో. ఆనాడు గతిలేనివారికి వర్క్‌హౌస్ అనే శరణాలయం దిక్కు. అందులో చేరడమంటే గదిని, ఉన్న నాలుగు సామాన్లను వదులుకొని, వాళ్లిచ్చిన బట్టలు కట్టుకొని, ఆడవారు ఒకవైపు, మగవారు ఒకవైపు బతకడం. అక్కడికి వచ్చేవారు జీవితాన్ని పాడుచేసుకొన్నవారేనని లోకుల నమ్మకం. స్టెప్నీ ప్రాంతపు వర్క్‌హౌస్‌లో ఆరు వందల పైచిలుకు మంది చరిత్రలను బూత్ పరిశీలించాడు. మూడింట ఒకవంతు మంది వచ్చింది కేవలం ముసలితనం వల్ల. తాగుడు వల్ల వచ్చినవారు ఎనిమిదింట ఒకవంతు. జీవితమంతా కష్టపడినవారే, చేతులు సత్తువ తప్పగానే ఇల్లు పోగొట్టుకొంటున్నారు.

అందువల్ల 65 ఏళ్లు నిండిన ప్రతి ఒక్కరికీ, పేద గొప్ప తేడా లేకుండా, వారానికి 5 షిల్లింగుల పింఛను ఇవ్వాలని 1892లో ప్రతిపాదించాడు. సోమరితనం పెరుగుతుందని చాలామంది ఎదిరించారు. బూత్ పదహారు సంవత్సరాలు సభలలో, విచారణ సంఘాలలో ఓపికగా వాదించాడు. 1908లో చట్టం వచ్చింది. ఆయన కోరినంత రాలేదు. వయసు 70 ఏళ్లకు పెంచారు, రాబడి తక్కువ ఉన్నవారికే ఇచ్చారు. 1909 జనవరి 1 నుండి వృద్ధులు పోస్టాఫీసులో పింఛను అందుకొన్నారు. మొదటి సంవత్సరంలోనే ఐదు లక్షల మందికి పైగా దాన్ని పొందారు. ఇంట్లో ఉంటూ పేదల నిధి నుండి చేయూత తీసుకొనే వృద్ధుల సంఖ్య తరువాతి కొన్ని ఏళ్లలో బాగా పడిపోయింది. వర్క్‌హౌసులలోని వృద్ధుల సంఖ్య మాత్రం కొంతే తగ్గింది. గది మిగిలి ఉన్నవారికి 5 షిల్లింగులు ఆ గదిని నిలిపాయి. అంతకుముందే సర్వం పోయి మంచం పట్టినవారికి అవి చాలలేదు.

బూత్ పరిశోధన పదిహేడు సంపుటాలుగా 1903 నాటికి పూర్తయింది. 1916 నవంబరు 23న ఆయన లెస్టర్‌షైర్‌లోని తన ఇంట్లో కన్నుమూశాడు. ఆయన, ఆయన సహాయకులు వ్రాసిన నాలుగు వందల యాభైకి పైగా నోటు పుస్తకాలు లండను స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్ గ్రంథాలయంలో భద్రంగా ఉన్నాయి. పటాన్ని సరిచూడడానికి పోలీసు జవాన్లతో కలిసి వీధివీధినా నడుస్తూ వ్రాసుకొన్న పుస్తకాలు కూడా వాటిలో ఉన్నాయి. ఏ ఇంటి కిటికీ అద్దం పగిలింది, ఏ గుమ్మం కడిగి శుభ్రంగా ఉంది, ఏ వీధిలో పిల్లలు చెప్పులు లేకుండా ఆడుకొంటున్నారు అన్నది వాటిలో ఇప్పటికీ చదువుకోవచ్చు.