జగదీశచంద్ర బోసుగారి పేటెంటు

జగదీశచంద్ర బోసుగారిని చెట్ల స్పందనములను చూపిన పండితులుగనే మనవారు స్మరింతురు. అంతకు పూర్వపు విద్యుత్తరంగ పరిశోధనలలో నేటి అర్ధవాహక పరిశ్రమకు సంబంధించిన పేటెంటు కథ యొకటి యున్నది.

1858 లో జన్మించి, కేంబ్రిడ్జిలో చదివి, 1885 లో కలకత్తా ప్రెసిడెన్సీ కళాశాలలో ఆచార్యులైరి. తెల్లవారికన్న తక్కువ జీతమనగా మూడేండ్లు జీతమే ముట్టక బోధించిరి. చిన్నగదిలో, రేకుపనివాని సాయముతో పరికరములు సిద్ధపరచుకొనిరి. 1895 లో గోడలకావలికి తరంగములను పంపి గంట మ్రోగించిరి.

ఆ తరంగముల జాడ పట్టుటకు గెలీనా యను సీసపు ఖనిజమును వాడిరి. తరంగము సోకినంతనే ఖనిజపు స్పర్శబిందువున విద్యుత్ప్రవాహము మారును. ఆ మార్పును మాపకము చూపును. జ్ఞానమును విక్రయించుట వారికి గిట్టదు. మిత్రురాలు సారా బుల్‌గారి పట్టుదలచే 1901 సెప్టెంబరు 30 న అమెరికాలో దరఖాస్తు పడెను. 1904 మార్చి 29 న 755,840 సంఖ్యగల పేటెంటు వచ్చెను. దానివలన వారు లాభము కోరలేదు. ఈ త్యాగమునకు నమస్కరింతుము గాని, పరిశోధనకు ధనము చాలని దేశమున దానిని పూర్తిగ మెచ్చజాలము.

అయినను ఆ పత్రము వ్యర్థము కాలేదు. ఊరి పోరంబోకునకు ఒకడు పట్టా పొందజాలనట్లే, లోకమునకు ముందే వెల్లడియైనదానిపై తరువాతివాడు పేటెంటు పొందజాలడు. పూర్వపు పత్రము గడువు తీరినను, వస్తువు బజారుకెక్కకున్నను ఈ నియమము మారదు.

అమెరికాలోని బెల్ ప్రయోగశాలకు ఇది అనుభవమే. 1947 లో ట్రాన్సిస్టరు కనుగొన్న ఆ సంపన్న సంస్థలో, విద్యుత్‌క్షేత్రముచే ప్రవాహమును అదుపుచేయు తలంపు షాక్లీగారిది. న్యాయవాదులు వెదకగా లిలియన్‌ఫెల్డుగారు 1926 లో కోరి 1930 లో పొందిన పేటెంటు బయటపడెను. ఆ మూలభావముపై హక్కు కోరుట మానుకొని, వేరు మార్గమున పనిచేయు స్పర్శబిందు ట్రాన్సిస్టరునకే వారు పేటెంటు పొందిరి. ఆ ట్రాన్సిస్టరును కనుగొన్నవారిలో నొకరగు బ్రాటెన్‌గారు, తమ సహచరుడు పియర్సన్‌గారితో కలిసి 1955 లో వ్రాసిన చరిత్రలో, రేడియో తరంగములను స్ఫటికముతో పట్టుటయందు బోసుగారికే ప్రాథమ్యమిచ్చిరి.

మన 1970 నాటి పేటెంటు చట్టము 25 వ సెక్షను ప్రకారము, మంజూరునకు ముందే ఎవరైనను పూర్వప్రకటన చూపి ఆక్షేపింపవచ్చును. బోయిన్‌పల్లిలో చిన్న పరికరములు చేయు యువకునికిని ఈ అధికారము కలదు. అతడు తానే పేటెంటు కోరదలచినచో మాత్రము, దరఖాస్తు ముందు, ప్రకటన పిమ్మట.

బోసుగారు 1917 లో కలకత్తాలో విజ్ఞానమందిరము నెలకొల్పినప్పుడు, అచటి పరిశోధనలకు పేటెంటులు తీసికొనరాదనియు, ఫలితములు అచ్చువేసి అందరికి తెలుపవలెననియు నిశ్చయించిరి. 1937 నవంబరు 23 న గిరిడీలో దివంగతులైరి.