కచేరీ వదిలి కాంతిని పట్టిన రామన్ గారు

సర్ సి.వి. రామన్ గారి పేరు వినని ఇల్లుండదు. అయితే ఆయన పదేళ్ళపాటు మనబోటి సర్కారు ఉద్యోగేనన్న సంగతి మన మనుమలకు తెలియదు.

1888 నవంబరు 7న తిరుచిరాపల్లిలో పుట్టినా ఆయన చిన్నతనం విశాఖపట్నంలో గడిచింది. తండ్రి చంద్రశేఖర అయ్యరు గారు అక్కడి ఎ.వి.ఎన్. కళాశాలలో అధ్యాపకులు. పదకొండో ఏటనే మెట్రిక్యులేషన్ ముగించి, తరువాత మద్రాసు ప్రెసిడెన్సీ కళాశాలలో చేరి 1907లో ఎం.ఏ. అయ్యారు. అదే ఏడు ఫైనాన్సు సర్వీసు పరీక్షలో ప్రథముడుగా నెగ్గి, కలకత్తాలో అసిస్టెంటు అకౌంటెంటు జనరల్‌గా చేరారు. అప్పటికి ఆయనకు పద్దెనిమిదేళ్ళు.

ఒకనాడు ట్రాములో పోతూ బౌబజారులో ఒక విజ్ఞాన సంఘం బోర్డు చూశారు. ఆనాటినుంచి తెల్లవారుజామున ప్రయోగశాల, పగలు కచేరీ, సాయంత్రం మళ్ళీ ప్రయోగశాల. రంగూనుకూ, నాగపూరుకూ బదిలీ అయినా ఇంట్లోనే పరికరాలు పెట్టుకొని పని సాగించారు. బదిలీల బాధ తెలిసిన మనకు ఇది ఎంత కష్టమో వేరే చెప్పనక్కరలేదు.

1917లో కలకత్తా విశ్వవిద్యాలయం పాలిత్ ఆచార్య పదవి ఇస్తామన్నది. జీతం ఇంచుమించు సగానికి పడిపోతుంది. పైగా విదేశాలలో శిక్షణ పొందాలన్న నిబంధన ఒకటి. దానికి ఆయన ససేమిరా అన్నారు. నిబంధన సడలించిన మీదట పింఛను కొలువుకు రాజీనామా ఇచ్చారు. సంసారి అయినవాడు చేసే పని కాదని ఆనాడు ఎందరు అనుకొని ఉంటారో!

1921లో ఓడ ప్రయాణంలో మధ్యధరా సముద్రపు నీలిమ ఆయనను ఆలోచనలో పడవేసింది. 1928 ఫిబ్రవరి 28న శిష్యుడు కె.ఎస్. కృష్ణన్ గారితో కలిసి చేసిన పరిశోధన ఫలించింది. ఒకే రంగు కాంతిని ఒక పదార్థం మీదికి పంపితే, చెదిరి వచ్చేదానిలో అతి స్వల్ప భాగం రంగు మారి వస్తుంది. ఆ మార్పు ఒక్కో పదార్థానికి ఒక్కో తీరు, మన వేలిముద్రల వలె. 1930లో నోబెల్ బహుమతి వచ్చింది. మన తెలుగువారైన సూరి భగవంతం గారు ఆయన శిష్యులై, ఈ విద్యను వాల్తేరు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి తెచ్చారు.

ఇక వైద్యం సంగతి. మెదడులో క్యాన్సరు గడ్డ తీసేటప్పుడు దాని అంచు ఎక్కడ ముగిసిందో సర్జనుకు కంటితో తెలియదు. కొంచెం మిగిలితే మళ్ళీ పెరుగుతుంది, కొంచెం ఎక్కువ కోస్తే మాటో, కాలో చేయో పడిపోవచ్చు. 2015లో కెనడాలోని మాంట్రియల్ వైద్యులు, ఇంజనీర్లు కలిసి, కలమంత సాధనంతో ఆపరేషను జరుగుతుండగానే మెదడుపై లేజరు కాంతి వేసి, రామన్ గారి పద్ధతిలో క్యాన్సరు కణాలను గుర్తించినట్లు ప్రకటించారు. 2020లో అమెరికా పరిశోధకులు ఇదే సూత్రంతో, తీసిన ముక్క ఏ జాతి గడ్డదో మూడు నిమిషాల లోపే చెప్పగలిగారు. పాత పద్ధతికి అరగంట వరకు పట్టేది.

ఇది గడ్డను గుర్తించే కాంతి మాత్రమే. మందు ఎక్కించి, దానిపై కాంతి ప్రసరింపజేసి క్యాన్సరు కణాలను చంపే చికిత్స వేరే ఉన్నది. పత్రికలలో చదివి రెంటినీ ఒకటిగా భావించేవారు మనలో ఉన్నారు గనుక చెబుతున్నాను.

రామన్ గారు 1970 నవంబరు 21న బెంగుళూరులో కన్నుమూశారు. ఆయన కోరిక ప్రకారం ఏ కర్మకాండా లేకుండా, తాము నెలకొల్పిన పరిశోధనాలయం తోటలోనే దహనం చేశారు.